వెన్ను రంగు చూసి పేరు పెట్టొద్దు: జీబ్రా ఫించ్‌ల మ్యూటేషన్ డైరీ

అక్టోబర్ మొదటి వారం

మా వీధిలో ఉండే మాస్టారు ఊరు మారుతూ, తను పెంచుకున్న జీబ్రా ఫించ్‌లన్నిటినీ (పంజరాల్లో పెంచే చిన్న ఆస్ట్రేలియా పిట్టలు) నాకు అప్పగించి వెళ్లారు. అన్నీ కలిసి ఉండే పెద్ద కాలనీ పంజరం. అందులో బూడిద రంగువి, గోధుమ రంగువి, తెల్లవి, వెండి రంగువి, మచ్చలవి, ఒకటి రెండు జుట్టువి కూడా. "అన్నీ మంచి పిట్టలేనమ్మా, కాకపోతే ఏది దేని పిల్లో నేను రాసుకోలేదు" అన్నారు.

అలా మొదలైంది ఈ ప్రాజెక్టు. ప్రతి పిట్టా ఏ మ్యూటేషనో, అంటే జన్యువు మార్పు వల్ల వచ్చిన ఏ రకమో తేల్చాలి. పైకి కనిపించే రంగు వెనక ఇంకో రంగు దాచుకుని ఉందేమో చూడాలి. ఆ తర్వాతే జతలు కట్టాలి. తొందరపడి జతలు వేస్తే అన్నాచెల్లెళ్లే జతకట్టే ప్రమాదం ఉంది. జుట్టు పిట్టల విషయం ఇంకా ముఖ్యం. క్రెస్టెడ్ అనేది డామినెంట్ లక్షణం, అంటే ఒక్కరి నుంచి వచ్చినా బయటికి కనిపిస్తుంది, కానీ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చిన పిల్ల బతకదు. రెండు జుట్టు పిట్టల్ని జత చేస్తే నాలుగో వంతు పిల్లలు పోయినట్టే. అందుకే మొదటి రోజే జుట్టువాటిని వేరు చేశాను. వీటికి ఎప్పుడూ జుట్టులేని జతే.

కొత్త రంగును గుర్తుపట్టాలంటే ముందు మామూలు రంగు కంఠతా రావాలి. ఆస్ట్రేలియా అడవి పిట్టకుండే రంగునే మనవాళ్లు గ్రే అంటారు. మగదానికి బూడిద రంగు వెన్ను, తెల్లటి పొట్ట, నారింజ చెంపలు, గొంతు మీద సన్నటి నలుపు తెలుపు గీతలు, వాటి కింద నల్లటి ఛాతీ పట్టీ. రెక్కల కింద పక్కల్లో ఎర్రమట్టి రంగు, దాని మీద తెల్ల చుక్కలు. ముక్కు పగడపు ఎరుపు. ఆడదానికి ఈ చెంపలు, గీతలు, పట్టీ, పక్కల రంగు ఏవీ ఉండవు. ముక్కు కొంచెం లేత నారింజ. రెండింటికీ ఉండేవి రెండు: తోక మొదట్లో నలుపు తెలుపు అడ్డచారలు, కంటి కింద నిలువుగా దిగే నల్ల గీత. ఆ గీతనే టియర్ మార్క్ అంటారు. ఈ డైరీలో ఎక్కువసార్లు వచ్చేది అదే.

ఎందుకంటే వెన్ను రంగు నమ్మదగ్గది కాదు. వెలుతురు మారితే మారుతుంది, ఈకలు పాతబడితే మారుతుంది, వేరు వేరు మ్యూటేషన్లు దాదాపు ఒకే వెన్ను రంగు ఇస్తాయి. టియర్ మార్క్ మాత్రం ఆడదానిలోనూ మగదానిలోనూ ఉంటుంది కాబట్టి, ఒకే కొలమానంతో రెండింటినీ చూడొచ్చు. అది నల్లగా ఉందా, గోధుమ రంగుకి తిరిగిందా, వెలిసిందా, అసలు లేదా అన్నదాంతోనే సగం ప్రశ్నలు తీరిపోతాయి.

పిట్టకో కార్డు రాశాను. వరస ఇలా పెట్టుకున్నాను: టియర్ మార్క్, చెంప, ఛాతీ, పక్కలు, తోక, పొట్ట, ముక్కు, అన్నిటికన్నా చివర వెన్ను. కాలికి రంగు ప్లాస్టిక్ రింగు, అదే రంగు కార్డు మీద.

అక్టోబర్, ఫోటోలు

ఫోటోల దగ్గరే చాలామందికి తేడా కొడుతుంది. ట్యూబ్‌లైట్ కింద ఫాన్ (గోధుమ రంగు) పిట్ట గ్రేలా వస్తుంది, పసుపు బల్బు కింద గ్రే పిట్ట ఫాన్‌లా వస్తుంది. ఫోను తనంతట తాను రంగు సర్దేస్తుంది కూడా. నేను పాటిస్తున్న పద్ధతి: పొద్దున్నే, ఎండ నేరుగా పడకముందు, వసారాలో. ముందువైపు అద్దం ఉన్న చిన్న పెట్టెలో పిట్టని ఉంచి, వెనక తెల్ల కాగితం పెట్టి తీస్తాను. పక్కనే ఇంకో పెట్టెలో ఖాయంగా గ్రే అని తెలిసిన పిట్ట. రెండూ ఒకే ఫోటోలో పడాలి. అప్పుడు ఫోను ఏం సర్దినా రెండింటికీ ఒకేలా సర్దుతుంది, మధ్య ఉన్న తేడా మాత్రం అలాగే ఉంటుంది. పిట్ట పెట్టెలో ఎక్కువసేపు ఉండకూడదు. గబగబా పక్క నుంచి, ముందు నుంచి, తోక వైపు నుంచి తీసేసి వదిలేయాలి.

ఇంకో మాట. జీబ్రా ఫించ్‌లో ఆకుపచ్చ, నీలం, గులాబీ మ్యూటేషన్లు లేవు. బజార్లో అలాంటి రంగులతో చిన్న పిట్టలు కనిపిస్తే అది అద్దకమే. చాలాసార్లు అవి మన దేశపు మునియాలే, రంగు పూసి అమ్ముతారు. ఈకలు రాల్చుకున్నాక ఆ రంగు పోతుంది. మునియాలను పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ పిట్టలు పడే బాధ చూస్తే ఎవరూ కొనరు. దయచేసి కొనకండి.

అక్టోబర్ చివర

తేలికైనవి తేలిపోయాయి. గ్రేలు గ్రేలే.

ఫాన్ పిట్టలూ ఇబ్బంది పెట్టలేదు. వెన్ను దాల్చిన రంగులో ఉంటుంది, కానీ చూడాల్సింది టియర్ మార్క్, తోక చారలు. గ్రేలో నల్లగా ఉన్నవన్నీ ఫాన్‌లో ముదురు గోధుమకి తిరుగుతాయి. చెంపలూ పక్కలూ మాత్రం గ్రేలో ఉన్నట్టే ఉంటాయి. దీని కారణం తెలిస్తే మిగతా మ్యూటేషన్లు కూడా అర్థమవుతాయి. ఈకల రంగుకి రెండు మెలనిన్లు. నలుపు, బూడిద ఇచ్చేది యూమెలనిన్. ఎర్రమట్టి, నారింజ ఇచ్చేది ఫియోమెలనిన్. ఫాన్‌లో మొదటిది నల్లగా తయారు కాకుండా గోధుమ దగ్గరే ఆగిపోతుంది, రెండోదాని జోలికి పోదు. సిల్వర్ రకాల్లో రంగులు పలచబడతాయి. వైట్‌లో ఈకలకి రెండూ అందవు.

ముక్కు సంగతి వేరు. ముక్కు ఎరుపు మెలనిన్ కాదు, మేతలోంచి వచ్చే పసుపు కెరొటినాయిడ్లని పిట్ట శరీరమే ఎర్రగా మార్చుకుంటుంది. ఈ మార్పు చేసే జన్యువుల గుంపుని 2016లో ఎల్లో బీక్ అనే మ్యూటేషన్ ఉన్న జీబ్రా ఫించ్‌ల ద్వారానే కనిపెట్టారు. మనకి ఉపయోగం ఏమిటంటే, పాలలాంటి తెల్ల పిట్టకి కూడా ముక్కు ఎర్రగానే ఉంటుంది. ఆడా మగా తేల్చేది ఆ ముక్కు ఎరుపే.

పైడ్‌లు రెండు. తెల్ల మచ్చలు ఎక్కడపడితే అక్కడ, ఎడమకీ కుడికీ పొంతన లేకుండా ఉన్నాయి. ఒకదానికి టియర్ మార్క్ ఒకవైపు మాత్రమే ఉంది. పైడ్ రెసెసివ్, అంటే తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ రావాలి. ఇంతకు మించి వీటి గురించి రాయాల్సింది లేదు.

నవంబర్: మూడు తెల్ల పిట్టలు

మాస్టారు మూడింటినీ వైట్ అనే పిలిచేవారు. పక్కపక్కన పెట్టి చూస్తే మూడూ మూడు రకాలుగా ఉన్నాయి.

మొదటిది మచ్చ లేని తెలుపు. టియర్ మార్క్ లేదు, తోకలో చారల జాడ లేదు, కళ్లు నల్లగా ఉన్నాయి, ముక్కు ముదురు ఎరుపు. ఇది వైట్ మగది. రెసెసివ్.

రెండోదాన్ని దూరం నుంచి చూస్తే తెలుపే. పెట్టెలో పెట్టి తెల్ల కాగితం ముందు చూస్తే మాత్రం మీగడ రంగు తేలింది. కంటి కింద సన్నగా, బూడిద రంగులో టియర్ మార్క్. తోక మొదట్లో చారలు, పెన్సిల్‌తో గీసి తుడిచేసినంత లేతగా. పొద్దుటి వెలుగు ఏటవాలుగా కంటి మీద పడినప్పుడు లోపల ముదురు ఎర్ర ఛాయ కనబడింది. ఇది వైట్ కాదు, చెస్ట్‌నట్ ఫ్లాంక్‌డ్ వైట్ ఆడది. అందరూ సీఎఫ్‌డబ్ల్యూ అంటారు. మగదైతే ఎవరైనా పోల్చుకుంటారు, నారింజ చెంపలూ ఎర్రమట్టి పక్కలూ తెల్ల ఒంటి మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆడదానికి ఆ గుర్తులేవీ ఉండవు కాబట్టి వైట్‌లలో కలిసిపోతుంది. ఈ హాబీలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదేనని నా నమ్మకం.

ఈ తేడా పేరుతో పోయేది కాదు. వైట్ రెసెసివ్, సీఎఫ్‌డబ్ల్యూ సెక్స్ లింక్డ్, అంటే ఆడా మగా తేల్చే క్రోమోజోము మీద ఉండేది. వైట్ మగదానికి ఈ సీఎఫ్‌డబ్ల్యూ ఆడదాన్ని జత చేసి తెల్ల పిల్లల కోసం ఎదురు చూస్తే, వచ్చేవన్నీ గ్రేలు కావచ్చు. రెండూ వేరు వేరు జన్యువులు కదా, ఒకదాని లోటు ఇంకొకటి భర్తీ చేసేస్తుంది.

మూడోది తెలుపే కానీ వెన్ను మీద అక్కడక్కడా బూడిద ఈకలు. ఒళ్లంతా తెల్లబడిన పైడ్ అయినా కావచ్చు, పిల్ల వయసులో ఉన్న వైట్ అయినా కావచ్చు. వైట్ పిల్లలకి మొదటి ఈకల్లో ఇలాంటి బూడిద చుక్కలు ఉండటం మామూలే. ముక్కు దగ్గరగా చూశాను. ముక్కు మొదలు దగ్గర నలుపు ఇంకా పోలేదు. జీబ్రా ఫించ్ పిల్లలన్నిటికీ ముక్కు నల్లగా ఉండి, రెండు మూడు నెలల వయసుకి రంగు తిరుగుతుంది. అంటే ఇది పిల్లే. కార్డు మీద "ఈకలు రాలాక చూడాలి" అని రాసి పక్కన పెట్టాను.

నవంబర్ చివర: వెండి మగది

అసలు చిక్కు ఇది. వెన్ను వెండి బూడిద, చూడ్డానికి చాలా అందమైన పిట్ట. మేత కొనే షాపాయన ఫోటో చూసి "అది లైట్ బ్యాక్ మేడమ్, పక్కా" అన్నారు. నాకు డామినెంట్ సిల్వర్ అనిపిస్తోంది. రెసెసివ్ సిల్వర్ కూడా ఉంది.

గుర్తులు చూస్తే లైట్ బ్యాక్‌లో వెన్ను మాత్రమే పలచబడి, టియర్ మార్కూ ఛాతీ పట్టీ నల్లగానే నిలవాలి, చెంపలు నారింజగానే ఉండాలి. నా పిట్టకి ఛాతీ పట్టీ బూడిద రంగులోకి దిగింది, టియర్ మార్క్ వెలిసింది, చెంప మీగడలో కలిపిన నారింజలా ఉంది. అన్నీ కలిపి పలచబడ్డాయి, కాబట్టి లైట్ బ్యాక్ కాదనే అనుకుంటున్నాను. కానీ డామినెంటా, రెసెసివా? అది ఈకల్లో దొరకదు. పిల్లల్ని అడగాల్సిందే.

మా అక్క కూతురు ఇంటర్ బైపీసీ చదువుతోంది. ఆదివారం వచ్చి కార్డులన్నీ చూసి, "పిన్నీ, ఇది మా పుస్తకంలో గళ్ల లెక్కే కదా" అని కాగితం లాక్కుంది. పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. మన లెక్కకి తలకిందులు. అది ఒక్కటి సర్దుకుంటే చాలు, మిగతాదంతా తనే వేసేసింది.

వెండి మగదానికి సంబంధం లేని గ్రే ఆడదాన్ని జత చేస్తే మూడు ప్రశ్నలకీ ఒకే ఈతలో జవాబు దొరుకుతుంది. రెసెసివ్ సిల్వర్ అయితే పిల్లలన్నీ గ్రే. లైట్ బ్యాక్ లాంటి సెక్స్ లింక్డ్ అయితే ఆడపిల్లలన్నీ తండ్రి రంగు, మగపిల్లలన్నీ గ్రే. డామినెంట్ అయితే మామూలుగా వెండివీ గ్రేవీ కలిసి పుడతాయి, ఆడా మగా తేడా లేకుండా. కాగితం మీద ఈ మూడు గళ్లూ పక్కపక్కన చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఆడదాన్ని మాస్టారి పంజరంలోంచి తీసుకోకూడదు. అవన్నీ చుట్టాలే, లోపల సిల్వర్ దాచుకుని ఉంటే ఫలితం చెడుతుంది. కాకినాడలో గ్రేలు మాత్రమే పెంచే ఒకరి దగ్గర్నుంచి తెచ్చాను. తెచ్చిన వెంటనే జత చెయ్యలేదు. ఆడ జీబ్రా ఫించ్ ఒకసారి జతకట్టాక ఆ వీర్యాన్ని పది రోజుల పైనే ఒంట్లో నిలవ ఉంచుకోగలదు. పాత మగదాని పిల్లలు కొత్త మగదాని లెక్కలో పడతాయి. అందుకని మూడు వారాలు ఒంటరిగా ఉంచాను.

జతకి విడి పంజరమే. కాలనీలో పెడితే రికార్డుకి విలువ ఉండదు. ఆడది పక్క మగదానితోనూ జతకడుతుంది, పక్క గూట్లో గుడ్డూ పెట్టేస్తుంది.

డిసెంబర్, జనవరి

గూటికి చిన్న మట్టి కుండ, ఎండు గరిక, కత్తిరించిన కొబ్బరి పీచు. పీచు పొడుగ్గా వదిలితే పిల్లల కాళ్లకి చుట్టుకుంటుంది, వేలెడు కన్నా పొడుగు ఉంచొద్దు. మేత కొర్రలు, వరిగలు, నానబెట్టి మొలకెత్తిన గింజలు, ఉడికిన గుడ్డు. సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి, ఆడదానికి సున్నం అవసరం.

వెండి జత ఐదు గుడ్లు పెట్టింది. రోజుకొకటి. ఇద్దరూ వంతులవారీగా పొదిగారు. పన్నెండు నుంచి పద్నాలుగు రోజులకి పిల్లలవుతాయని ముందే తెలిసినా, ఆ చివరి రెండు రోజులూ టెన్షన్ తప్పలేదు. నాలుగు పిల్లలయ్యాయి, ఒక గుడ్డు ఎండిపోయింది.

దీనితోపాటే ఇంకో జత వేశాను, మాస్టారి గ్రే మగది, కాకినాడ నుంచే తెచ్చిన ఇంకో గ్రే ఆడది. ఆ గూట్లోనే నేను ఎదురు చూడనిది కనిపించింది. తల్లీతండ్రీ మేతకి దిగినప్పుడు అక్క కూతురు టార్చి పట్టుకుంటే ఒక్క నిమిషం చూశాం. పుట్టిన రోజు పిల్ల చిటికెన వేలి కొసంత కూడా ఉండదు. గులాబీ రంగు చర్మం, వీపు మీద తెల్లటి నూగు, మూసుకున్న రెప్పల కింద ఉబ్బిన కళ్లు. మూడు పిల్లలకి ఆ ఉబ్బు నల్లగా ఉంది. నాలుగోదానికి టార్చి వెలుగులో దానిమ్మ గింజలా ఎర్రగా మెరిసింది.

ఫాన్ పిల్లలకి, సీఎఫ్‌డబ్ల్యూ పిల్లలకి పుట్టినప్పుడు కళ్లు ఇలాగే ఉంటాయి. ఫాన్‌లో కొద్ది రోజుల్లోనే నల్లబడిపోతుంది, అందుకే గూటిని మొదటి రోజుల్లోనే చూడాలి. ఏ మ్యూటేషన్ అన్నది ఈకలు వచ్చాక తేలుతుంది కానీ, రెండు విషయాలు అక్కడికక్కడే రాసేశాను. ఒకటి, గ్రే తండ్రి స్ప్లిట్, సెక్స్ లింక్డ్ రంగు ఒకటి లోపల దాచుకుని ఉంది. రెండు, ఈ పిల్ల ఆడదే. మగపిల్లకి రెండో జెడ్ తల్లి నుంచి రావాలి, తల్లి గ్రే, కాబట్టి ఆ రంగు బయటికి రాదు. ముక్కు ఇంకా నల్లగా, ఒంటి మీద ఈక లేకుండా ఉన్న పిల్లని ఆడది అని ధైర్యంగా చెప్పొచ్చు. గులాబీ రింగు అప్పుడే పక్కన తీసి పెట్టాను, కాలు ఎదిగాక తొడగడానికి.

ఫిబ్రవరి

పిల్లలు మూడు వారాల లోపే గూడు వదిలాయి. ఎర్ర కంటి పిల్ల దాల్చిన రంగు వెన్నుతో, ముదురు గోధుమ టియర్ మార్క్‌తో బయటికి వచ్చింది. ఫాన్.

వెండి జత పిల్లల్లో రెండు వెండివి, రెండు గ్రేవి. రెసెసివ్ సిల్వర్ అనే మాట పోయింది. కానీ షాపాయన మాట ఇంకా నిలబడే ఉంది. వెండివి రెండూ ఆడవి, గ్రేవి రెండూ మగవి అయితే ఆయన చెప్పిందే నిజం. ఈ వయసులో నాలుగింటికీ నల్ల ముక్కులే, నాలుగూ ఆడవాటిలాగే ఉంటాయి. చెంపలు పొడిచేదాకా ఆగాలి.

రోజూ పొద్దున్నే ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీస్తున్నాను.

మార్చి

ఆరో వారం నడుస్తుండగా, పచ్చ రింగు వెండి పిల్లకి కంటి వెనక ఒక్క ఈక రంగు తిరిగింది. ముందు మేత మరక అనుకోవడానికి అవకాశం ఉన్నంత చిన్నది. ఫోటో పెద్దది చేసి చూశాను. మీగడ నారింజ, తండ్రి చెంప రంగే. వారం తిరిగేసరికి రెండు వైపులా చెంపలు, గొంతు మీద సన్న గీతలు, బూడిద రంగు ఛాతీ పట్టీ. వెండి మగది.

దీంతో తేలిపోయింది. గ్రే తల్లికి సెక్స్ లింక్డ్ రంగులో మగపిల్ల పుట్టే వీల్లేదు. ఇలాంటి పిల్ల ఒక్కటి చాలు. తర్వాత గ్రేల్లో ఒకదానికి చెంపలు రాకుండానే ముక్కు లేత నారింజకి తిరిగింది, అది ఆడది. రెండు వైపుల నుంచీ ఒకే జవాబు. తండ్రి డామినెంట్ సిల్వర్. షాపాయనకి పిల్లల ఫోటోలు చూపించి లెక్క చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, కాగితం మీద ఆ గళ్లు తనకి కూడా వేసి ఇవ్వమన్నారు. వేసి ఇచ్చాను.

నవంబర్‌లో పక్కన పెట్టిన మూడో తెల్ల పిట్ట కూడా తేలింది. బూడిద ఈకలు రాలి, వాటి చోట తెల్లవి వచ్చాయి. వైట్ ఆడది. పైడ్ అయితే ఆ మచ్చలు మళ్లీ వచ్చేవి.

ఏప్రిల్

గూళ్లు తీసేశాను. రాజమండ్రి ఎండల్లో ఈతలు పెట్టనివ్వకూడదు, గూట్లో పిల్లలు ఉడికిపోతాయి. ఆడవీ మగవీ వేరు వేరు పంజరాల్లో ఉన్నాయి. స్నానానికి వెడల్పాటి మూకుడులో నీళ్లు, మధ్యాహ్నం తడి గోనెపట్టా. ఈకలు రాల్చుకునే పిట్టల్ని ఇప్పుడు ఫోటో తీసి రంగు తేల్చబోతే తప్పుడు జవాబే వస్తుంది, కెమెరా పక్కన పెట్టేశాను.

అక్టోబర్ జతలు మాత్రం ఇప్పుడే రాసి ఉంచాను. డామినెంట్ సిల్వరూ ఫానూ ఒకే పిట్టలో కలిస్తే వచ్చే రంగు డామినెంట్ క్రీమ్. నాకు కావాల్సింది అదే. ఏది మగది, ఏది ఆడది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. వెండి మగదానికి ఫాన్ ఆడదాన్ని ఇస్తే మొదటి ఈతలో క్రీమ్ ఒక్కటీ రాదు, తండ్రి నుంచి ఆడపిల్లలకి గ్రే జెడ్డే అందుతుంది. తిప్పి వేయాలి. ఫాన్ మగదానికి వెండి ఆడది. అప్పుడు ఆడపిల్లలన్నిటికీ ఫాన్ వస్తుంది, వాటిలో సగానికి తల్లి నుంచి సిల్వర్ కూడా వస్తుంది. అంటే మొత్తం పిల్లల్లో నాలుగో వంతు క్రీమ్, అన్నీ ఆడవే. మగపిల్లలు వెండివి గానీ గ్రేవి గానీ, అన్నీ ఫాన్ స్ప్లిట్.

ఫాన్ మగది మాస్టారి పంజరంలోది, జతకి అనుకున్న రెండో వెండి పిల్లకి (అది ఆడది) తండ్రి వైపు చుట్టం కావచ్చు. అందుకని ఫాన్ మగదాన్ని బయటి నుంచి తేవాలి. టియర్ మార్క్ ఫోటో పంపమని ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఒకరు పంపారు, కానీ ట్యూబ్‌లైట్ కింద తీశారు. పొద్దుటి వెలుతురులో, పక్కన ఒక గ్రే పిట్టని పెట్టి మళ్లీ తీయమని చెప్పాను.